గట్టు మీది పులుపు

సంక్రాంతికి ఇంకా వారం ఉంది. తెనాలి దాటి, కాలవ కట్ట దిగి, పొలం గట్టెక్కారు మీరు. వరి కోసేశారు. మోళ్ల మధ్య మినుము పచ్చగా లేస్తోంది. మంచుకు నానిన నల్లమట్టి చెప్పులకు పట్టి అడుగడుగూ బరువెక్కుతోంది. ముందు నడుస్తున్న మామ్మ కొంగు బొడ్లో దోపుకుంది.

గట్టు వారన పులిచింతాకు. మూడేసి రెక్కల చిన్న ఆకులు, పసుపు పువ్వులు. కోయబోతారు.

"ఆగు నాయనా. మందు కొట్టారిక్కడ."

ఆకు నవనవలాడుతూనే ఉంది. మామ్మ చూసింది ఆకును కాదు, పక్కన కొసలు పాలిపోయిన గరికను. గ్లైఫోసేట్ కొట్టిన మొక్క వెంటనే మాడదు, కొన్నాళ్లు పచ్చగానే కనబడుతుంది. పచ్చగా ఉంది కదా అని నోట్లో వేసుకునే రోజులు పోయాయి.

రెండు మడులు దాటాక ఆమే వంగి, నాలుగు కాడలు తుంచి, సీసాలో నీళ్లతో కడిగి ఇస్తుంది. నమలగానే దవడల కింద నీరూరుతుంది. చింతచిగురంత ఘాటు కాదు, తేట పులుపు. పిడికెడు చాలు, ఎక్కువైతే పళ్లు పులిసిపోతాయి.

గడ్డివామి పక్కన కామంచి గుబురు. "నల్లబడిందే కోయి. పచ్చికాయ విషం." నల్లపండు వేళ్ల మధ్యే చితుకుతుంది. తీపి, వెనకాల చిరుచేదు. బుడ్డకాయల దగ్గర ఆమె కొమ్మ ముట్టుకోదు. తొడుగు ఎండి రాలినవే ఏరుతుంది. కంచె మీద గురివింద, కాలవ ఒడ్డున ఉమ్మెత్త. పిల్లలకు ముందు ఈ రెండింటినే చూపించాలంటుంది. తినేవాటికంటే ముందు తినకూడనివి తెలియాలి. ఇంతకంటే మంచి పాఠక్రమం నాకు తెలియదు.

పొలం నుంచి తిరిగొచ్చి ఎక్కిన రేపల్లె రైల్లో వేమూరు, భట్టిప్రోలు దాటిపోతాయి. దిగాక ఊరి చివర రేగుకంప. ఇంకో వారంలో ఈ పళ్లే భోగి నాడు పిల్లల తలల మీద రాలతాయి. దోరవి ఒగరు, పండినవి పిండి పిండిగా తీపి. కొరికే ముందు విప్పి చూడండి, పురుగుంటుంది. పక్కనే పరికి పొద. కొక్కెం ముళ్లు చొక్కా పట్టుకుని వదలవు.

మర్నాడు బాపట్ల. ఇక్కడి వ్యవసాయ కళాశాల 1945 నాటిది. మామ్మ చూపించిన పులిచింత, కామంచి, బుడ్డ వ్యవసాయ శాస్త్రం లెక్కలో కలుపు మొక్కలు. చేలో అవి కలుపే, కాదనను. కానీ గట్టుకు ఒక పక్కనైనా మందు పడకుండా వదిలేయమని రైతులను చేతులెత్తి అడగాలనిపిస్తుంది. ఆ జానెడు నేలే కూలికొచ్చిన పిల్లలకు పండ్లతోట.

సూర్యలంక దారిలో కాళ్ల కింద ఇసుక మొదలవుతుంది. తాళ్ల నీడన ఒకామె తేగల పాతర తవ్వుతోంది. తేగలు కాల్చుకోవాలి, ఉడకబెట్టుకోవాలి. పచ్చిగా తినేది టెంకలో ఉంటుంది. కత్తి ఒక్క దెబ్బ, టెంక రెండు చెక్కలు. లోపల తెల్లటి బుర్రగుంజు.

"తినన్నా, ఇసుక అంటలేదులే."

వేలితో లాగితే ముద్దగా ఊడొస్తుంది. కొబ్బరి పువ్వులా గుల్లగా ఉండి, కొరకగానే చల్లటి తీపి నీరు వదులుతుంది. రెండోది మీరే అడుగుతారు. ఆమె ఏరి, చిన్న మొలక ఉన్న టెంక అందుకుంటుంది. ముదిరితే గుంజు చప్పబడిపోతుంది.