పులి కథలో మనమెక్కడ?

2001 సంక్రాంతికి ‘మృగరాజు’ సినిమా వచ్చింది. గుణశేఖర్ దర్శకుడు, చిరంజీవి కథానాయకుడు. అడవిలో రైలు వంతెన పని, మనిషి రక్తం మరిగిన సింహం, దాన్ని వేటాడే వీరుడు. ఇదీ కథ.

ఇలాంటిది ఆఫ్రికాలో నిజంగానే జరిగింది. 1898లో కెన్యాలోని సావో నది మీద రైలు వంతెన కడుతుంటే రెండు సింహాలు కూలీలను చంపి తిన్నాయి. వాళ్లలో మన దేశం నుంచి వెళ్లినవాళ్లూ ఉన్నారు. సింహాలను కాల్చిన ఇంజనీరు ప్యాటర్సన్ పుస్తకం రాశాడు, పేరు నిలిచింది. 1996లో హాలీవుడ్ వాళ్లు దాన్నే సినిమా తీశారు. చచ్చిపోయిన కూలీల పేర్లు మనలో ఎవరికి తెలుసు?

ఈ సినిమాల్లో తుపాకీ ఎప్పుడూ బయటినుంచి వచ్చినవాడి చేతిలోనే ఉంటుంది. అడవి మనుషులు భయపడి పరుగెత్తాలి, లేదా అతనికి దారి చూపాలి. మన చరిత్ర ఇదేనా?

నల్లమలలో సింహాలు లేవు, పులులున్నాయి. వాటి మధ్యే మన చెంచులు తరతరాలుగా తేనె తీశారు, గడ్డలు తవ్వుకున్నారు. దుప్పి అరుపును బట్టి, కొండముచ్చు కేకను బట్టి పులి జాడ పసిగట్టి పక్కకు తప్పుకున్నారు. అహోబిలం నరసింహస్వామిది సింహం ముఖమే. మన ఆడబిడ్డ చెంచులక్ష్మిని పెళ్లాడాడు గనుక ఆయన మనకు బంధువు. ఏటా కనుమనాడు మొదలయ్యే పారువేటలో చెంచులు ఆయన పల్లకి మీదికి బాణాలు వేస్తారు. క్రూరమృగం ముఖమున్న దేవుడితోనే చుట్టరికం కలుపుకున్న జాతి మనది.

తెల్లదొరల కాలంలో పులిని చంపితే సర్కారు బహుమానమిచ్చేది. 1972 చట్టం వచ్చాక వేట నేరమైంది. 1983లో నాగార్జునసాగర్-శ్రీశైలం అడవి ప్రాజెక్టు టైగర్ కిందికి వచ్చింది. అప్పటినుంచి పులి పేరు చెప్పి చెంచును అడవికి పరాయివాణ్ణి చేసే మాట వినబడుతూనే ఉంది. అదే అడవిలో పులి అడుగులు వెతికి కాపలా కాసే వాచర్లలో చెంచులే ఉన్నారు.

2023 మార్చిలో ఆత్మకూరు దగ్గర పెద్దగుమ్మడాపురంలో నాలుగు పులికూనలు దొరికాయి. ఊరివాళ్లు వాటిని కుక్కల బారిన పడనీయకుండా గదిలో ఉంచి అటవీ అధికారులకు అప్పజెప్పారు. తల్లి దగ్గరికి చేర్చాలని చూశారు, కుదరలేదు. చివరికి కూనలను తిరుపతి జూకు పంపారు. ఇందులో తుపాకీ లేదు, వీరుడూ లేడు. అయినా ఇది సినిమాకు తగిన కథే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, 2006 అటవీ హక్కుల చట్టం చదవండి. హక్కులు తేల్చకుండా, గ్రామసభ ఒప్పుకోకుండా పులి కోసమని గూడేన్ని కదిలించకూడదని చట్టమే చెబుతోంది. గురువులారా, బడిలో పిల్లల చేత వాళ్ల తాతల పులి కథలు చెప్పించి, చెప్పినవారి పేరుతో సహా రాయించండి. సావో కూలీల్లాగా మనవాళ్లు పేరు లేకుండా పోకూడదు.