శీతలగదిలో పుట్టిన నాదము

పంక్ సంగీతకోలాహలము ఇంగ్లండును ముంచెత్తుటకు కొలఁది నెలలు ముందుగా, 1976లో, లండనునందు మువ్వురు కలసి దిస్ హీట్ అను బృందమును నెలకొల్పిరి. వారిలో చార్లెస్ హేవర్డ్ డ్రమ్ములయందును, చార్లెస్ బులెన్ గిటారునందును ఆరితేరినవారు. మూఁడవవాఁడగు గారెత్ విలియమ్స్‌కు వాద్యశిక్షణ యేమియు లేదు. ఆ లేమియే బృందమునకు కలిమి యయ్యెనని నా తలంపు. ఏలయన, శాస్త్రము నెఱుఁగని చేయి తప్పుస్వరమునకు వెఱవదు గదా.

బ్రిక్స్టన్‌లోని యేకర్ లేన్‌లో, మూతవడిన మాంసాహార కర్మాగారమునకు చెందిన శీతలగదిని వారు సాధనశాలగా మార్చుకొని, కోల్డ్ స్టోరేజి యని పేరిడి, అచ్చట వాయించినదెల్ల టేపునకెక్కించి, ఆ టేపును కత్తిరించి, వలయముగా నతికించి, మరల మరల వినుచు, యాదృచ్ఛికధ్వనికిని రచితగానమునకును నడుమ గల గోడను క్రమక్రమముగా కూల్చిరి. టేపురికార్డరు వారికి నాల్గవ వాద్యకారుఁడు. 1979లో వెలువడిన తొలి యాల్బమునందలి ‘24 ట్రాక్ లూప్’ అట్టి వలయమునుండియే పుట్టినది.

1981 నాటి ‘డిసీట్’లో అణుయుద్ధభయము గూడుకట్టుకొన్నది, అందొక పాటకు అమెరికా స్వాతంత్ర్యప్రకటన వాక్యములనే సాహిత్యముగాఁ గైకొనుటలోని వ్యంగ్యము మిక్కిలి చుఱుకైనది. 1982లో బృందము విడిపోయెను. వాద్యశిక్షణ కెన్నఁడును లోఁబడని విలియమ్స్, కనుఱెప్ప కదలికకు సైతము కట్టుదిట్టమైన నియమము గల కథాకళి నభ్యసించుటకై భారతదేశమునకు వచ్చుట నాకిప్పటికిని వింతగాఁ దోఁచును. అతఁడు 2001లో మరణించెను.