కడబంతి నుంచి మిఠాయి బల్ల దాకా: తెలుగు పెళ్ళివిందులో తీపి వడ్డన

‘వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఫరవాలేదు’ అన్న సామెతను తెలుగువారు ఉద్యోగం, సిఫారసు, రాజకీయం వంటి సందర్భాల్లో విరివిగా వాడుతున్నారు. ఈ వాడుక వల్ల సామెత పుట్టిన చోటు మరుగున పడింది. ‘బంతి’ అన్నది ‘పంక్తి’ శబ్దానికి తద్భవం. పెళ్ళివిందులో విస్తళ్ళ ముందు వరుసగా కూర్చున్నవారు ఒక బంతి. వారు లేచిన తరువాత మరొక బంతి. అన్నం, పప్పు, చారు ఎన్ని బంతులకైనా వండి పోయవచ్చు. లెక్కకు వచ్చేవి, ముందుగా నిండుకొనేవి పిండివంటలు. కాబట్టి కడబంతివాడి దిగులు ప్రధానంగా బూరె గురించి, లడ్డు గురించి. వడ్డించేవాడి చేతిలో ఉన్న అధికారం తీపి దగ్గరే స్పష్టంగా కనిపిస్తుంది.

నేటి పెళ్ళి రిసెప్షన్లలో బంతి లేదు, కడబంతి లేదు. హాలులో ఒక పక్కన వరుసగా మిఠాయిల బల్ల ఉంటుంది. అతిథి తనకు నచ్చినది తానే తీసుకొంటాడు. తీపి పెట్టే పద్ధతిలో వచ్చిన ఈ మార్పును కేవలం రుచుల మార్పుగా, సౌకర్యంగా చూడడం పరిపాటి. మర్యాద, లెక్క, ఎంపిక అన్న మూడు భావనల చరిత్రగా దీనిని చదవవచ్చునని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆచారంలోని తీపి

తెలుగు పెళ్ళిలో తీపి విందుకంటె ముందే మొదలవుతుంది. వరుణ్ణి గౌరవించి ఇచ్చే మధుపర్కం మొదట తేనె, పెరుగు వంటివి కలిపిన పానీయం. కాలక్రమంలో ఆ మాట ఆ సందర్భంలో ఇచ్చే వస్త్రాలకు అంటుకొంది. ఈనాడు ‘మధుపర్కాలు’ అంటే వధూవరులు ధరించే తెల్లని బట్టలనే సామాన్యార్థం. ఒక తీపి పదార్థం పేరు బట్టకు మారినా గౌరవించడం అన్న అర్థం చెడలేదన్నది గమనించదగినది.

ముహూర్త సమయంలో వధూవరులు ఒకరి తలపై ఒకరు ఉంచుకొనే జీలకర్ర–బెల్లం తినడానికి ఉద్దేశించింది కాదు. అయినా పెళ్ళికి అదే గురుతు. అత్తవారింటికి వెళ్ళే ఆడపిల్లతో పంపే చలిమిడిలో తడిబియ్యపు పిండితో బెల్లపు పాకమే కలుస్తుంది. విందులో పంచదార ఎంత ప్రవేశించినా పీటల మీది ఆచారంలో బెల్లం స్థానం చెక్కుచెదరలేదు. తీపి చరిత్రలో ఆచారం, విందు వేర్వేరు దారుల్లో నడిచాయనడానికి ఇది తొలి ఆధారం.

కావ్యాల్లో విందు: ఆధారాల పరిమితి

ఆహార చరిత్రకు సాహిత్యాన్ని ఆధారంగా తీసుకొనే మార్గాన్ని సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949) సుస్థిరం చేసింది. అయితే కావ్యంలోని వంటకాల పట్టికను నేరుగా వంటింటి చిట్టాగా చదవడంలో చిక్కు ఉంది. శ్రీనాథుని శృంగారనైషధంలో నలదమయంతుల పెళ్ళివిందును ఇందుకు ఉదాహరణగా చెప్పవచ్చు. దానికి మూలం శ్రీహర్షుని నైషధీయచరితం. మూలంలోని విందు ఘట్టం వడ్డించే స్త్రీలకు, పెళ్ళివారికి మధ్య నడిచే సరసోక్తులతో నిండి ఉంటుంది. అందువల్ల తెలుగు కావ్యంలో కనిపించే ప్రతి వంటకాన్నీ రెడ్డిరాజుల కాలపు తెలుగు వంటకమని నిర్ధారించడం సాహసం. అయినా ఒక విషయం నమ్మదగినది: పెళ్ళివిందును వర్ణించే కవి దృష్టి వంటకం మీద ఎంత నిలుస్తుందో, వడ్డించే చేతికీ తినే మనిషికీ మధ్య సంబంధం మీద కూడా అంత నిలుస్తుంది.

దీనికి భిన్నమైన చిత్రం క్రీడాభిరామంలో ఉంది. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన ఈ వీథి నాటకం కాకతీయుల ఓరుగల్లును కళ్ళకు కడుతుంది. అందులో ఒక రూక ఇస్తే దొరికే పూటకూటి భోజనంలో సన్నబియ్యపు అన్నం, గోధుమ పిండివంట, నెయ్యి, అరటిపండ్లతోపాటు పిడికెడు పంచదార కూడా ఒక అంశంగా లెక్కకు వస్తుంది. పంచదారతో చేసిన వంటకమే కాక, పంచదార కూడా స్వయంగా చెప్పుకోదగిన భోజ్యమన్నమాట. అది అంత విలువైన వస్తువు. ఇక్కడ తినేవాడు వెల చెల్లించినవాడు. తనకు రావలసినదేమిటో అతనికి ముందే తెలుసు. పెళ్ళి బంతిలో కూర్చున్నవాడికి అటువంటి హక్కు లేదు. అతనికి ఉన్నది మర్యాద పొందే యోగ్యత మాత్రమే. పూటకూటి ఇంటి లెక్క, పెళ్ళివిందు మర్యాద – ఈ రెండింటి మధ్య దూరం ఈనాటి మిఠాయి బల్ల దగ్గర ఎలా చెరిగిపోయిందో ముందు చూడవచ్చు.

విస్తరి, బంతి, మారు వడ్డన

బంతి భోజనంలో విస్తరి ఒక పటం వంటిది. అరటి ఆకు గాని, అడ్డాకు విస్తరి గాని, తెలంగాణలో మోదుగాకు విస్తరి గాని, దేనిమీదనైనా ఏ పదార్థం ఎక్కడ పడాలో వడ్డించేవారికి తెలుసు. గాడిపొయ్యి మీద మూకుడు పెట్టి వేయించిన పూర్ణం బూరె వేడిగా విస్తట్లో పడుతుంది. దానికి చిల్లు పొడిచి నెయ్యి పోస్తారు. పేర్లు ప్రాంతాన్ని బట్టి మారతాయి. కోస్తాలో బొబ్బట్టు అన్నది రాయలసీమలో ఓళిగ, తెలంగాణలో భక్ష్యం లేదా పోలె. పేరు ఏదైనా అది ఇంటివారు పెట్టేదే తప్ప అతిథి కోరి తెచ్చుకొనేది కాదు.

ఈ పద్ధతిలో మర్యాదకు కొలమానం మొదటి వడ్డన కాదు, మారు వడ్డన. మొదటిసారి అందరికీ సమానంగా పడుతుంది. రెండవసారి బూరెల పళ్ళెం ఎవరి విస్తరి దగ్గర ఆగింది, ఎవరిని కొసరి కొసరి అడిగారు, ఎవరు చేయి అడ్డం పెట్టినా వినకుండా వేశారు అన్నవి పెళ్ళి అయిన తరువాత కూడా చెప్పుకొనే విషయాలు. వియ్యాలవారి అలకలకు ఇవి కారణమైన సందర్భాలూ తక్కువేమీ కాదు. వద్దనడం అతిథి మర్యాద, అయినా వేయడం ఇంటివారి మర్యాద. ఈ రెండు మర్యాదల మధ్య తీపి ఒక భాషగా పనిచేసింది.

ఆ భాషకు చీకటి పార్శ్వం కూడా ఉంది. బంతుల క్రమం కులాన్ని, స్త్రీపురుష భేదాన్ని, హోదాను అనుసరించేది. పురుషుల బంతులు అయిన తరువాత స్త్రీల బంతి. అన్నీ అయిన తరువాత ఇంటి ఆడవారు. పెళ్ళికి వాద్యం వాయించినవారు, పందిరి వేసినవారు, బట్టలు ఉతికినవారు, విస్తళ్ళు ఎత్తినవారు వంటి శ్రమజీవులకు చివరిలో, విడిగా, పలుచోట్ల ఇంటి బయటనే భోజనం. వారిదాకా వచ్చేసరికి తీపి మిగలడం, మిగలకపోవడం ఇంటివారి దయను బట్టి ఉండేది. సంఘసంస్కర్తలు ‘సహపంక్తి’ భోజనాన్ని ఒక ఉద్యమ కార్యక్రమంగా ఎంచుకోవడానికి కారణం ఇదే. అసమానత కూర్చునే వరుసలో ఉన్నప్పుడు దానిని ప్రశ్నించడం కూడా వరుసలోనే జరగాలి. ‘వడ్డించేవాడు మనవాడైతే’ అన్న సామెత ఈ వ్యవస్థలోని అన్యాయాన్ని ఒప్పుకొని, దానిలోనే ఒక సందు వెతుక్కొన్నది.

సారె: లెక్కకు వచ్చే తీపి

విందులోని తీపి తినగానే అయిపోతుంది. సారెలోని తీపి ఊరంతా తిరుగుతుంది. పుట్టింటివారు ఆడపిల్లతో పంపే సారెలో అరిసెలు, లడ్లు, కాజాలు, మైసూరుపాకు వంటివి కావిళ్ళతో, బుట్టలతో, ఇటీవల వ్యానులతో వెళ్తాయి. అత్తవారు వాటిని ఇంటింటికీ పంచుతారు. ఎన్ని రకాలు, రకానికి ఎన్ని అన్న సంఖ్య ఇక్కడ ప్రధానం. వడ్డనలో కొసరు మర్యాద అయితే, సారెలో సంఖ్య మర్యాద. కాబట్టి సారె రెండు కుటుంబాల మధ్య బహిరంగంగా చదివే పద్దు వంటిది. ఆ పద్దు భారం పుట్టింటిమీదనే పడడం వల్ల తీపి కట్నానికి తోబుట్టువైన సందర్భాలు ఉన్నాయి.

సారె అవసరమే కొన్ని ఊళ్ళ మిఠాయి వృత్తులకు నిలకడైన గిరాకీనిచ్చింది. తాపేశ్వరం మడత కాజా, బందరు లడ్డు, ఆత్రేయపురం పూతరేకు వంటివి దూరప్రయాణానికి, కొన్నాళ్ళ నిల్వకు అనువైనవి. వేడిగా తినవలసిన బూరె విందుకు తగినది. నిలువ ఉండే కాజా సారెకు తగినది. తీపి రూపాన్ని దాని సామాజిక ప్రయోజనం నిర్ణయించిందనడానికి ఈ విభజన మంచి నిదర్శనం. బోర్లించిన కుండను కాల్చి, పలుచని బియ్యపు పాలలో ముంచిన గుడ్డను దానిపై ఒక్కసారి పరచి తీసే పూతరేకు, ఇంటిచేతి పనిగా మొదలై 2023లో భౌగోళిక గుర్తింపు పొందేదాకా వచ్చింది.

బెల్లం నుంచి పంచదారకు

విందులో తీపి రకాలు పెరగడానికి రుచి ఒక్కటే కారణం కాదు. నిజాంసాగర్ (1923–1931) నీటితో చెరకు సాగు విస్తరించిన ప్రాంతంలో, బోధన్‌లో 1937లో నిజాం చక్కెర కర్మాగారం ఏర్పడింది. అంతకుముందే 1932 నాటి చక్కెర పరిశ్రమ రక్షణ చట్టం దేశంలో మిల్లు చక్కెర ఉత్పత్తికి ఊతమిచ్చింది. అప్పటి విశాఖపట్నం జిల్లా ఏటికొప్పాకలో సహకార కర్మాగారం 1933లో ప్రారంభమైంది. అనకాపల్లి బెల్లం విపణి తన స్థానాన్ని నిలుపుకొన్నా, పాకం పట్టే తెల్లని మిఠాయిలకు మిల్లు చక్కెరే ముడిసరుకైంది.

అయితే చక్కెర వెంటనే సమృద్ధం కాలేదు. యుద్ధకాలంలోను, తరువాతి కంట్రోలు దశల్లోను పెళ్ళికి అదనపు చక్కెర కావాలంటే అధికారుల అనుమతి పొందవలసి వచ్చేది. 1967లో పాక్షిక నియంత్రణ విధానం వచ్చి, మిల్లుల ఉత్పత్తిలో ఒక భాగం బహిరంగ విపణికి విడుదలయ్యాక ఆ బిగువు సడలింది. కొరత కాలంలో లడ్డు పెట్టడం సంపదకు గుర్తు; కొరత తీరిన తరువాత ఒక లడ్డు చాలదు, రకాల సంఖ్య పెరగాలి. మిఠాయి బల్లకు భూమిక ఇక్కడ సిద్ధమైంది.

ఘటోత్కచుని విందు

బఫే పద్ధతి తెలుగుదేశానికి రాకముందే దాని ఊహ ఒక హాస్యసన్నివేశంలో కనిపించడం విశేషం. కె.వి. రెడ్డి దర్శకత్వంలో 1957లో విడుదలైన ‘మాయాబజార్’లో పెళ్ళివారి కోసం సిద్ధం చేసిన గారెలు, బూరెలు, అరిసెలు, లడ్లు మొదలైన వాటిని ఘటోత్కచుడు ఒక్కడే ఆరగిస్తాడు. అక్కడ బంతి లేదు, విస్తరి క్రమం లేదు, వడ్డించేవాడు లేడు. పాత్రలే కదలి అతని దగ్గరకు వస్తాయి. తనకు నచ్చిన క్రమంలో, నచ్చినంత తినడం ఆనాటి ప్రేక్షకుడికి రాక్షస లక్షణం. అందుకే నవ్వు పుట్టింది. ఆ నవ్వు వెనుక బంతి మర్యాద అందరికీ తెలిసినదన్న భరోసా ఉంది.

మిఠాయి బల్ల

ఐదు రోజుల పెళ్ళి ఒక పూటకు కుదించుకుపోవడం, ఇంటి ముందు పందిరి స్థానంలో ఫంక్షన్ హాలు రావడం, వంటవాళ్ళ స్థానంలో క్యాటరింగు రావడం, సాయంకాలపు రిసెప్షన్‌కు అతిథులు ఒకే సమయంలో కాక విడతలుగా రావడం – ఇవన్నీ కలిసి బంతిని అసాధ్యం చేశాయి. మిఠాయి బల్ల మీద ప్రతి పదార్థం ముందు పేరు రాసిన కార్డు ఉంటుంది. గులాబ్ జామూన్, రస్ మలై, అప్పటికప్పుడు వేసే జిలేబి, కుల్ఫీ, ఐస్ క్రీం, చాక్లెట్ ఫౌంటెన్ పక్కపక్కన నిలుస్తాయి. హైదరాబాదు ముస్లిం పెళ్ళివిందుల్లో ప్రసిద్ధమైన డబుల్ కా మీఠా, ఖుబానీ కా మీఠా ఇతర తెలుగు పెళ్ళిళ్ళ బల్లమీదికి చేరాయి. బంతి వేర్వేరుగా ఉంచిన పదార్థాలను బల్ల ఒక వరుసలోకి తెచ్చింది. పెనం మీద వేడిగా కాల్చి ఇచ్చే బొబ్బట్టు, పూతరేకు ఇప్పుడు ‘సంప్రదాయ’ విభాగంగా ప్రత్యేకించబడ్డాయి. అన్ని విస్తళ్ళలో పడే తీపి, అనేక ఎంపికల్లో ఒకటిగా మారింది.

ఈ మార్పులో లాభం స్పష్టమైనది. భార్యాభర్తలు, పిల్లలు, వృద్ధులు ఒకే సమయంలో కలిసి తినగలుగుతున్నారు. ఎవరి పక్కన ఎవరు నిలబడ్డారో బల్ల అడగదు. మధుమేహం ఉన్నవారు బలవంతపు కొసరు నుంచి తప్పించుకొన్నారు. నష్టం కూడా అంతే స్పష్టం. ‘ఇంకొకటి వేసుకోండి’ అని అడిగే మనిషి కనుమరుగయ్యాడు. క్యాటరింగు ప్లేటు లెక్కన కుదురుతుంది కాబట్టి, క్రీడాభిరామంలోని పూటకూటి లెక్క పెళ్ళివిందులోకి వచ్చి చేరింది. అక్కడ తినేవాడు చెల్లించాడు, ఇక్కడ పిలిచినవాడు చెల్లిస్తున్నాడు. సారెలోని సంఖ్యాగౌరవం కూడా బల్లమీదికి బదిలీ అయింది. ఎన్ని రకాల తీపి పెట్టారన్నదే ఇప్పుడు చెప్పుకొనే మాట.

ముగింపు

తెలుగు పెళ్ళివిందులో తీపి మూడు రూపాల్లో కనిపిస్తుంది: విస్తట్లో కొసరిన మర్యాదగా, సారెలో లెక్కించిన ప్రతిష్ఠగా, బల్ల మీద ఎంచుకొనే వస్తువుగా. మూడవ రూపం మొదటి రెండింటినీ పూర్తిగా తొలగించలేదు. మొదటిదాని స్థానాన్ని ఆక్రమించి, రెండవదాని లక్షణాన్ని గ్రహించింది. బంతిలోని ఆప్యాయతను మాత్రమే తలచుకొని వగచేవారు కడబంతిని మరచిపోతున్నారు. బల్ల సమానత్వాన్ని మాత్రమే మెచ్చుకొనేవారు బల్ల వెనుక నిలబడినవారిని గమనించడం లేదు. అతిథులందరూ వెళ్ళిన తరువాత, బల్ల మీద మిగిలినదానితో భోజనం ముగించే క్యాటరింగు కుర్రవాళ్ళు, పాత్రలు తోమే స్త్రీలు ఈనాటి కడబంతివారు. వరుస పోయింది కాని వంతు మిగిలింది. వడ్డించేవాడు మనవాడా అని మాత్రమే అడిగిన సామెత, వడ్డించేవాడు ఎప్పుడు తింటాడన్న ప్రశ్నను అడగలేదు. పెళ్ళివిందు చరిత్రను ఇకముందు రాసేవారు మొదలుపెట్టవలసినది ఆ ప్రశ్నతోనే.