గుంటలకి ముందు గుంటలు

మంటేసే ముందు ఏం చెప్పేనర్రా? బాల్టీడు నీళ్ళు తెచ్చి పక్కన పెట్టమన్నాను. పెట్టేరా? ఆఁ, అయితే అంటించండి. సన్న పుల్లలు కింద, దుంగలు పైన. భోగికి దాచిన దుంగలు మాత్రం ముట్టుకోకండి. నెల్లాళ్ళై పోగేస్తన్నారు, పండక్కి ఇంకా వారం ఉంది. ఈ పూటకి ఈ చితుకులు చాలు. రాయగడ చలికి ఈ మాత్రం సెగ తగిలితే నా మోకాళ్ళు మాటాడతాయి.

ఏటిరా అది, ఫోన్లో చూపిస్తన్నావు? వేసంకాలం క్యాంపా? గుడారాలు రెడీ, భోజనం రెడీ, మంట కూడా వాళ్ళే వేసి పెడతారా? డబ్బు కట్టి వెళ్ళి కూర్చోడమేనా? బాగుంది. మా రోజుల్లో క్యాంపు అలా దొరికేది కాదు నాయనా. పది రోజుల క్యాంపుకి రెండు నెలల చాకిరీ. గుంటలు రావాలంటే ముందు గుంటలు తవ్వాలి. నవ్వుతారేం? మన వేపు పిల్లల్నీ గుంటలే అంటాం, గోతుల్నీ గుంటలే అంటాం. నేను డ్రిల్లు మాస్టారుగా ఉన్నన్నాళ్ళూ ఈ రెండు రకాల గుంటలతోనే నా వేసంకాలాలు గడిచేయి.

మాది స్కౌటు ట్రూపు. ఎనిమిదేసి మంది ఒక పేట్రోలు, నాలుగు పేట్రోళ్ళు. సగం మంది రైలు క్వార్టర్ల పిల్లలు. విజయనగరం నుంచి రాయపూరు దాకా 1931లో లైను పూర్తయిన దగ్గర్నుంచీ ఇక్కడ తెలుగు కుటుంబాలు నిలదొక్కుకున్నాయి. అసలు ఈ నేలంతా ఒకప్పుడు విశాఖపట్నం జిల్లాలోదే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమయ్యేక ఇటొచ్చింది. అందుకే మా ట్రూపులో ఒకడు 'తయార్' అంటే ఇంకొకడు 'సిద్ధం' అనేవాడు, మూడోవాడు ఒడియాలో ఏదో అనేవాడు. ముగ్గురి నిక్కర్లూ మాత్రం ఒకే ఖాకీ.

ఈ స్కౌట్లని మొదలెట్టినాయన బేడెన్ పవెల్ అని ఒక దొర. 1907లో ఇంగ్లండులో బ్రౌన్సీ అనే లంక మీద ఇరవై మంది పైచిలుకు కుర్రాళ్ళని దించేడు. పెద్దింటి పిల్లలూ, పనివాళ్ళ పిల్లలూ కలిసి ఒకే గుడారంలో పడుకున్నారు. అదీ అందులో గొప్ప. మన దేశంలో వేర్వేరుగా ఉన్న స్కౌటు సంఘాలు 1950 నవంబరు 7న ఒకటై భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయ్యేయి. మా ట్రూపులోనూ అంతే. ఆఫీసరు గారబ్బాయీ, గ్యాంగుమేను కొడుకూ పక్కపక్కనే పడుకునేవారు. అయితే అలా పడుకోడానికి చదునైన నేల ఎవడో ఒకడు చూసి పెట్టాలి కదా. ఆ ఎవడో నేను.

పరీక్షలవగానే మొదలు. ముందు గుడారాలు బయటికి తీసి బడి ఆవరణలో పరిచేవాళ్ళం. ఏడాదంతా మడత మీదున్న కేన్వాసు వాసన మీకు తెలీదు. ముగ్గిన గోనెసంచీ వాసనకి ఎలక వాసన కలిపితే అది. ఎండ బాగా తగలనిచ్చి, చిరుగులు చూసి, గోనె సూదితో కుట్టేవాళ్ళం. గూటాలు లెక్కెడితే ఎప్పుడూ తక్కువే. తాళ్ళు చాలకపోతే అడ్డ తీగ నారతో పేనిన తాళ్ళు సంతలో కొనేవాళ్ళం. అవి ఎనుబోతుని కట్టినా తెగవు.

ఇంతకీ క్యాంపు ఇక్కడ కాదు. మే నెల్లో రాయగడ సంగతి తెలుసు గదా, నాగావళి కూడా ఇసకై పోతుంది. కొండమీదికి వెళ్ళాలి. పొట్టంగి వేపు. జయపురంలో జొరాలు పడలేక దొరలు 1870లో కచేరీలు కోరాపుట్ కొండమీదికి మార్చుకున్నారంటే ఆ గాలి ఎలాటిదో మీరే చూసుకోండి. కోరాపుట్‌కి ఇక్కణ్ణుంచి రైలు పడింది తొంభైల్లో. అప్పట్లో మాకు దారి ఇటు కాదు, చుట్టు తిరుగుడు. ఇక్కడ బండెక్కి బొబ్బిలి, బొబ్బిలిలో మారి సాలూరు, సాలూరులో బస్సెక్కి సుంకి ఘాటీ. ఘాటీలో బస్సు మలుపు తిరిగినప్పుడల్లా ఒకడు కిటికీ లోంచి తలకాయ బయటికి పెట్టేవాడు, చూడ్డానికి కాదు, కక్కుకోడానికి. పైకెళ్ళేక ఎదురుగా దేవమాలి. 1,672 మీటర్లు. ఒడిశాలో దానికి మించిన కొండ లేదు. మధ్యాన్నం ఎండ, సాయంత్రం ఉరుము, రాత్రి దుప్పటి. మే నెల్లో దుప్పటి అంటే ఆ రోజుల్లో మాకు సొర్గం.

పిల్లలకంటే వారం ముందు మేం వెళ్ళేవాళ్ళం. నేను, వంటాయన, పెద్ద కుర్రాళ్ళిద్దరు. అంతకుముందు చైత్రంలో ఒకసారి నేనొక్కణ్ణే వెళ్ళి నేల అడిగి రావాలి. మొదటి ఏడు ఏం చేసేనో చెప్తాను. తిన్నగా వెళ్ళి, కూలికి మనుషుల్ని పిలిచేను. ఒక్కడూ రాలేదు. అది కొండోళ్ళ చైతు పరబ్ పండగ నెల. ఆ నెల్లో వాళ్ళు నాగలి పట్టరు. మగాళ్ళు వేటకి వెళ్తారు, ఉత్త చేతుల్తో తిరిగొస్తే ఆడాళ్ళు ఆటపట్టించి చంపుతారు. కొత్త మామిడికాయ దేవతకి పెట్టకుండా నోట పెట్టరు. నేనా సంగతి తెలీక చెట్టు కిందికి వెళ్ళి ఒక కాయ కోసేను. ఎవరూ కేకలెయ్యలేదు. అందరూ నా వేపు చూసేరంతే. ఆ చూపు కంటే రెండు దెబ్బలు నయం.

ఆ ఊరి దిసారి, అంటే మంచీ చెడ్డా రోజులు చూసి చెప్పే పెద్ద, నాకు నేల చూపించేడు. ముందుగా చూపించింది తవ్వకూడని చోటు. ఊరి దేవత రాళ్ళున్న చోటు, పశువులు నడిచే బాట. తర్వాత గెడ్డ పక్కనున్న చదును చోటు నేను చూపిస్తే తల అడ్డంగా ఊపేడు. అక్కడ గడ్డి అంతా ఒకే వేపు ఒరిగి ఉంది. వానొస్తే గెడ్డ ఆ దారినే వస్తుందని గడ్డే చెప్తోంది, నాకే చదవడం రాలేదు. నేను పుస్తకంలో చదువుకున్న మేష్టర్ని కదా!

చివరికి మెరక మీద, మామిడి తోపుకి కొంచెం ఎడంగా చోటు కుదిరింది. ఎడంగా ఎందుకంటే, గాలికి కొమ్మ విరిగితే గుడారం మీద పడుతుంది.

ఇహ గుంటలు. మొదటిది పొయ్యి గుంట. గాలి ఎటు వీస్తోందో చూసి తవ్వాలి, లేకపోతే పొగంతా గుడారాల్లోకే. తవ్వే ముందు పైనున్న గడ్డిని మట్టి పెళ్ళలతో సహా పలకల్లా కోసి, నీడలో పెట్టి, రోజూ నీళ్ళు చల్లాలి. ఎందుకో తర్వాత చెప్తాను. రెండోది కడుగు నీళ్ళ గుంట. దాని మీద పుల్లలూ గడ్డీ అల్లి తడికలా పరవాలి. గిన్నెలు కడిగిన జిడ్డు గడ్డికి పట్టుకుంటుంది, నీళ్ళు కిందికి ఇంకుతాయి. ఆ గడ్డి రోజూ తీసి కాల్చి కొత్తది వెయ్యాలి. ఒక్క రోజు మానేస్తే ఈగలు, రెండ్రోజులు మానేస్తే చీమలు. పనస తొనల పిప్పి బయట పడేస్తే ఎలుగుబంటి. మూడోది చెత్త గుంట. నాలుగోది మీరు నవ్వుతారు గానీ, క్యాంపంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. దొడ్డి గుంట. గెడ్డకి దూరంగా, పల్లానికి, గాలి పోయే వేపు. సన్నగా పొడుగ్గా తవ్వి, మట్టి వెనక పోసి, ఒక రేకు డబ్బా పెట్టాలి. ఎవడి పని ఐపోయేక వాడు డబ్బాడు మట్టి కప్పి రావాలి. చుట్టూ గోనెపట్టాల దడి. ఆఫీసరు గారబ్బాయి మొదటి రోజు వెళ్ళనన్నాడు. రెండోరోజు మధ్యాన్నానికి పరిగెత్తేడు.

తాగే నీళ్ళకీ గుంటే. గెడ్డ ఒడ్డున ఇసకలో చెలమ. వాళ్ళు చువా అంటారు. పారే నీళ్ళ కంటే ఇసకలో ఊరిన నీళ్ళు తేట. అయినా నేను మరిగించకుండా ఒక్క గుక్క తాగనిచ్చేవాణ్ణి కాదు. మన్యం జొరానికి దోమతెరలూ మాత్రలూ వేరే ఉండేవి.

శుక్రవారం కుండులి సంత. ఆ వేపు అంత పెద్ద సంత లేదు. అల్లం, పసుపు, గుమ్మిడికాయలు, చోళ్ళు, కట్టలుగా అడ్డాకు విస్తర్లు. కొండోళ్ళు ఆనపకాయ బుర్రల్లో చోడంబలి తెచ్చుకుని గట్టు మీద కూర్చుని తాగేవాళ్ళు. మా వంటాయన మొదట మొహం చిట్లించేడు. మూడో ఏటికి పిల్లలకి పొద్దున్న ఉప్మా మానిపించి అంబలే పోసేడు. పొయ్యి దగ్గర సగం పని తగ్గిందని ఆయన ఆనందం.

అన్నీ చేసేం అనుకుంటాం, ఏదో ఒకటి మిగిలే ఉంటుంది. మొదటి ఏడు గుడారాలు వీణ తీగల్లా బిగించి కట్టి, మురిసిపోయి పడుకున్నాను. అర్ధరాత్రి వాన. నూలు తాడు తడిస్తే కురచ అవుతుందని పుస్తకంలో చదివేను, పిల్లలకి పాఠం కూడా చెప్పేను. కానీ లేచి తాళ్ళు సడలించలేదు. టప్ టప్ మని గూటాలు ఒక్కొక్కటీ ఊడొచ్చేయి. గుడారం తడిబట్టలా మా మీద పడింది. మాకు తగిలిన దెబ్బ ఏం లేదు గానీ బియ్యం బస్తా తడిసింది. మూడ్రోజులు అన్నం ముక్కవాసనే. ఆ తర్వాత నేనెప్పుడూ పాఠం చెప్పలేదు. రాత్రి ఉరిమితే కుర్రాళ్ళే లేచి తాళ్ళు వదులు చేసేవాళ్ళు.

ఇంకో పుల్ల వెయ్యి. ఇప్పుడు చెప్పేది వినండి.

1974. అప్పటికి మాకు చెయ్యి తిరిగింది. మే మొదట్లో మేం నలుగురం పైకెళ్ళేం. పదో తారీకుకి పిల్లలు రావాలి. గుంటలన్నీ తవ్వేం. గడ్డి పలకలు నీడలో పెట్టేం. చెలమ తీసేం. సంతలో కూరలు కొన్నాం. తొమ్మిదో తారీకున బస్సు కండక్టరు చెప్పేడు, మేష్టారూ, బండ్లు లేవు, సమ్మె అని. ఎనిమిదో తారీకున మొదలైంది. జార్జి ఫెర్నాండెజ్ నాయకుడు. దేశమంతటా పదిహేడు లక్షల మంది రైలు కార్మికులు, ఎనిమిది గంటల పని, బోనసు అడుగుతున్నారు. మా పిల్లల్లో సగం మంది తండ్రులు అందులోనే ఉన్నారు. ఇహ పిల్లల్ని ఎవరు పంపుతారు, ఎలా పంపుతారు?

రెండ్రోజులు చూసేం. మూడోరోజూ చూసేం. సాయంత్రం సాలూరు బస్సు వస్తే కుర్రాళ్ళిద్దరూ రోడ్డు మీదికి పరిగెత్తేవాళ్ళు. ఎవరూ దిగేవారు కాదు. ముప్ఫై రెండు మందికి సరిపడా నేల, నలుగురం మనుషులం. రాత్రి అంత మౌనంగా ఉండే క్యాంపు నేనెప్పుడూ చూళ్ళేదు.

నాలుగోరోజు పొద్దున్నే పారలు తీయమన్నాను. ఒక కుర్రాడికి కోపమొచ్చింది. "ఎవరూ రాలేదు గదా మాస్టారూ, ఒక్క విస్తరి కూడా పడలేదు, పూడ్చడమెందుకు? వానకి అదే పూడుతుంది" అన్నాడు.

"పిల్లలు వాడుకున్నారని కాదురా పూడ్చేది. మనం తవ్వేం గనక. రాత్రిపూట ఈ బాటన ఏ ఆవో దూడో వస్తే?" అన్నాను.

పూడ్చేం. నీడలో దాచిన గడ్డి పలకలు తెచ్చి, ఏ పలక ఏ చోటిదో చూసి పేర్చి, కాళ్ళతో తొక్కి నీళ్ళు పోసేం. అందుకేరా వాటికి రోజూ నీళ్ళు చల్లేది. దిసారి తాత వచ్చి చుట్ట కాలుస్తూ గట్టు మీద కూర్చున్నాడు. చాలాసేపు చూసి, "విత్తనం వెయ్యకుండానే కప్పెట్టేసేరేటి మాస్టారూ?" అన్నాడు. అతను వేళాకోళానికే అన్నాడేమో. నాకు మాత్రం గొంతు పట్టుకుంది. గుమ్మిడికాయలూ కూరలూ వాళ్ళూరి కిచ్చేసేం. వాళ్ళు మాకు కొత్త మామిడిపళ్ళు ఒక గంప ఇచ్చేరు. ఈసారి అడక్కుండా కొయ్యలేదు నేను.

బస్సులు మారుతూ, లారీలెక్కుతూ దిగొచ్చేం. బొబ్బిలి గేటు దగ్గర దిగి చూస్తే, పట్టాల మీద మెరుపు పోయి ఎర్రగా పొడి పట్టింది. కుర్రాళ్ళిద్దరూ రైలు బళ్ళ పక్కన పుట్టినోళ్ళే. పట్టాలకి తుప్పు పట్టగా చూడ్డం వాళ్ళకదే మొదలు. ఒకడు వంగి వేలితో రాసి, వేలు చూసుకున్నాడు. మాటాడలేదు. ఆ నెల 27న సమ్మె విరమించేరు. మళ్ళీ బళ్ళు తిరిగి రెండ్రోజుల్లో పట్టాలు తళతళ లాడేయి. క్యాంపు మాత్రం ఆ ఏడు లేదు.

మరుసటేడు పైకెళ్ళేను. ఎక్కడ తవ్వేమో నాకే అంతుపట్టలేదు. గడ్డి అంతా ఒక్కలాగే ఉంది. దిసారి తాత నవ్వి, కర్రతో నేల మీద నాలుగు చోట్లా గీసి చూపించేడు. మాకు తెలీని చోటు అతనికి గుర్తుంది. ఆ గీతల మీదే మళ్ళీ పార వేసేం. ఆ ఏడు ముప్ఫై రెండు మందీ వచ్చేరు.

ఇప్పుడు రాయగడకి రైల్వే డివిజనే మంజూరైంది, 2025 జనవరిలో ఆఫీసు భవనానికి శంకుస్థాపన కూడా ఐంది. పొద్దున్నే ఇక్కడెక్కితే కొండల్లోంచి తిన్నగా కోరాపుట్ వెళ్ళొచ్చు. నువ్వు ఆ క్యాంపుకి వెళ్ళు నాయనా, వద్దన్ను. వెళ్ళిన రోజున ఒక్క పని చెయ్యి. నీకు గుడారం వేసినవాడు ఎవడో కనుక్కుని, కడుగు నీళ్ళు ఎటు పోతున్నాయో అతన్ని అడుగు. చెప్పగలిగేడంటే అది మంచి క్యాంపు.

చాల్లే, చితుకులు ఐపోయేయి. ఏదీ, ఆ బాల్టీ ఇలా తే. ఒకేసారి గుమ్మరించకు, బూడిద లేచి మొహాన పడుతుంది. చేత్తో చల్లు. కర్రతో కెలుకు, మళ్ళీ చల్లు. ఇప్పుడు అరచెయ్యి పెట్టి చూడు, వేడి తగుల్తోందా? ఇంకా ఉందా? అయితే ఇంకో చెంబుడు. తెల్లారి మీ నాయనమ్మ ముగ్గెయ్యడానికొస్తే, ఇక్కడ మంటేసినట్టే తెలీకూడదు.