పళ్ళ మీద మోపిన నేరం

మన్యం చరిత్ర చదివినవారికి 1839 సంవత్సరం గుర్తుండే ఉంటుంది. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండప్రాంతాలను సాధారణ న్యాయస్థానాల పరిధి నుంచి తప్పించి, కలెక్టరును ‘ఏజెంటు’గా నియమిస్తూ ఆ ఏడాదే 24వ చట్టం వచ్చింది. అరకు, పాడేరు సీమలను నేటికీ ‘ఏజెన్సీ’ అని పిలవడం దాని చలవే. సరిగ్గా అదే సంవత్సరం ఇంగ్లండులో మరణాల నమోదు నివేదిక ఐదువేల పైచిలుకు మరణాలకు కారణం ‘పళ్ళు రావడం’ అని పేర్కొన్నది. మన కొండల్లో పసికందుల మరణాలు అప్పట్లో ఏ కాగితంలోకీ ఎక్కలేదు. లెక్కించిన దేశంలోనేమో నేరం పళ్ళ మీద పడింది.

ఈ నింద మన దేశానికీ కొత్త కాదు. కాశ్యప సంహితలో దంతజన్మకు ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉన్నది. పళ్ళు మొలవడం అన్ని రోగాలకూ ఆలవాలమని అష్టాంగహృదయంలో వాగ్భటుడు అన్నాడు. అయితే ఆ బాధలు పళ్ళు వచ్చాక వాటంతట అవే శమిస్తాయనీ, వాటి కోసం బిడ్డను అతిగా కట్టడి చేయవద్దనీ కూడా ఆయనే చెప్పాడు. మనవాళ్ళు మొదటి మాట పట్టుకొని రెండవది వదిలేశారు.

పాశ్చాత్య వైద్యులకు ఆ నిగ్రహం లేకపోయింది. 16వ శతాబ్దపు ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఆంబ్రాజ్ పారే, పంటికి దారి ఇవ్వడానికి చిగురును కోయమన్నాడు. ఆ కోత 19వ శతాబ్దం దాకా సాగింది. తరువాత పళ్ళపొడులు వచ్చాయి. వాటిలో కాలోమెల్ అనే పాదరస లవణం ఉండేది. అవి వాడిన పిల్లల్లో కొందరికి చేతులూ కాళ్ళూ ఎర్రబడి, చర్మం ఊడి, నిద్ర కరవయ్యేది. దీన్ని ‘పింక్ డిసీజ్’ అన్నారు. కారణం దశాబ్దాలపాటు అంతుపట్టలేదు. 1948లో వార్కనీ, హబ్బార్డ్ అనే అమెరికన్ వైద్యులు ఆ పిల్లల మూత్రంలో పాదరసం కనుగొన్నారు. 1954లో బ్రిటన్ తయారీదారులు ఆ పొడుల నుంచి కాలోమెల్‌ను తొలగించగానే వ్యాధి దాదాపు మాయమైంది. పళ్ళ జబ్బుకు ఇచ్చిన మందే జబ్బు అయిందన్నమాట!

మరి పళ్ళు వచ్చేవేళే విరేచనాలూ జ్వరాలూ ఎందుకు వస్తాయి? ఆరవ నెల దాటితే తల్లి నుంచి సంక్రమించిన రక్షణ సన్నగిల్లుతుంది. అన్నప్రాశన జరిగి, కొండల్లో అయితే చోడి అంబలి నోటికి తగులుతుంది. బిడ్డ పాకుతూ, దొరికినదల్లా నోట్లో పెట్టుకుంటాడు. సూక్ష్మజీవులకు ఇదే అదను. పళ్ళు ఆ వయసులో రావడం కాకతాళీయం.

అరకు వైపు ఈ పొరపాటు ప్రాణం మీదికి తెస్తుంది. వానకాలంలో ఊటనీరు కలుషితమైతే విరేచనాలు, దోమలు పెరిగితే మలేరియా. ‘పళ్ళ జ్వరమే, రెండు రోజులు చూద్దాం’ అనుకున్న ఆ రెండు రోజులూ, రోడ్డు లేని గూడెం నుంచి డోలీలో మోసుకువచ్చే సమయంతో కలిస్తే ఏమవుతుందో మీరే ఊహించండి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా రోగులకు డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని తాగించి, సుమారు నూటికి ముప్పైగా ఉన్న మరణాలను నాలుగు లోపుకు తగ్గించారు. ఆ పొట్లం నేడు ఆశా కార్యకర్త సంచిలో ఉన్నది. దానితోపాటు పద్నాలుగు రోజుల జింకు మాత్రలు అడగండి. 100.4 డిగ్రీలకు మించిన జ్వరం పళ్ళది కాదు. మలేరియా పరీక్ష చేయించండి.

పళ్ళు నిజంగా చేసేది కొంచెమే: చొంగ, చిరాకు, చిగుళ్ళ దురద. శుభ్రమైన వేలితో చిగురు రుద్దండి, లేదా చల్లని తడిగుడ్డ కొరకనివ్వండి. తిమ్మిరి కలిగించే బెంజోకేన్ జెల్ రెండేళ్ళలోపు పిల్లలకు వద్దు. గిరిజన సహకార సంస్థ అమ్మే తేనె ఎంత మంచిదైనా ఏడాది నిండని బిడ్డ చిగుళ్ళకు రాయకండి. తేనెలో ఉండే బొట్యులిజం బీజాలు పసిపేగుల్లో విషం పుట్టించగలవు.

పై పళ్ళు ముందుగా వస్తే మేనమామకు గండమంటారు. మేనమామలు నిశ్చింతగా ఉండవచ్చు. క్రమం కొందరిలో అలా మారుతుంది, అంతే. తొలిపన్ను కనబడిన రోజు నుంచే మెత్తని బ్రష్‌తో, బియ్యపుగింజంత ఫ్లోరైడ్ పేస్టుతో రోజుకు రెండుసార్లు తోమండి. పాలసీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చకండి. రెండున్నర, మూడేళ్ళకు ఇరవై పాలపళ్ళూ వచ్చేస్తాయి. అవి ఎలాగూ ఊడేవే కదా అని వదిలేస్తే, కింద ఎదిగే శాశ్వత దంతాలు దారి తప్పుతాయి.