18 ప్లస్ సీన్, 2000 ఏళ్ల పుకారు

ఈరోజు కొత్త కథ కాదు, నా పాత తప్పు. రోమ్ చక్రవర్తుల మీద చేసిన ఒక షార్ట్‌లో, "కాలిగులా కడుపుతో ఉన్న సొంత చెల్లెల్ని చంపేశాడు" అని గట్టిగా చెప్పేశాను. ఒక అమ్మాయి మెసేజ్ పెట్టింది: "అన్నా, ఇది ఏ పుస్తకంలో ఉంది?" అంతే, నా దగ్గర సమాధానం లేదు.

నేను చదివింది బీటెక్. బగ్ దొరికితే అది ఎక్కడ మొదలైందో వెనక్కి వెళ్లి వెతకడం అలవాటు. ఇక్కడా అదే చేశాను.

నేను చూసింది 'ఐ, క్లాడియస్'. 1976లో బీబీసీ టూలో వచ్చిన సీరియల్. ఒకే కుటుంబం, రోమ్ సింహాసనం, విషప్రయోగాలు, అక్రమ సంబంధాలు. అప్పటి టీవీకి చాలా ఘాటు. అందులో జాన్ హర్ట్ చేసిన కాలిగులా తనే జ్యూస్ దేవుణ్ణి అనుకుని, చెల్లెలు డ్రుసిల్లాను చంపే సీన్ ఉంది. ఆ సీన్‌ని టెలికాస్ట్‌కి ముందే పదే పదే ట్రిమ్ చేశారు. తర్వాత ఇంకా కట్ చేశారు. ఆ కట్ చేసిన ముక్క ఇప్పుడు దొరకదు కూడా.

సరే, దీనికి మూలం రాబర్ట్ గ్రేవ్స్ 1934లో రాసిన నవల. అందులో ఈ సీన్ లేదు. డ్రుసిల్లా చనిపోయింది, కాలిగులానే చంపాడని క్లాడియస్‌కి అనుమానం, కానీ రుజువు లేదు. అంతే.

ఇంకా వెనక్కి వెళ్తే స్యుటోనియస్. అన్నాచెల్లెళ్ల మధ్య సంబంధం ఉందని ఆయన రాశాడు, చంపాడని మాత్రం రాయలేదు. పైగా కాలిగులా హత్యకి గురైంది క్రీ.శ. 41లో. స్యుటోనియస్ పుట్టింది దాదాపు 30 ఏళ్ల తర్వాత, రాసింది సుమారు 80 ఏళ్ల తర్వాత. మరి కాలిగులా కాలంలోనే బతికినవాళ్లు? సెనెకా, ఫైలో ఇద్దరికీ అతనంటే పడదు. తిట్టడానికి ఏ ఛాన్సూ వదల్లేదు. అయినా ఈ సంబంధం గురించి ఒక్క మాట కూడా రాయలేదు. తెలిసుంటే వదిలేవారా?

మనకి తెలిసింది ఇది: డ్రుసిల్లా క్రీ.శ. 38లో, ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్ల వయసులో చనిపోయింది. అన్న ఆమెని అధికారికంగా దేవతని చేశాడు. రోమ్‌లో అంతకుముందు ఏ స్త్రీకీ ఆ గౌరవం దక్కలేదు.

మన దగ్గర చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు. కాలిగులా విషయంలో రివర్స్. చంపబడ్డ రాజు ఎంత చెడ్డవాడైతే, చంపినవాళ్లకి అంత మంచిది. స్యుటోనియస్ రాసే టైమ్‌కి ఆ వంశమే అధికారంలో లేదు, అడ్డుచెప్పేవాళ్లు లేరు. అతను మంచోడని నేను అనట్లేదు. క్రూరుడని సెనెకానే చెప్తాడు. కానీ అతన్ని తిట్టడానికి వాడిన బురద అతని చెల్లెలి మీద పడింది. ఆమె రాసిన ఒక్క వాక్యం కూడా మనకి మిగల్లేదు.

పుకారు పుస్తకమైంది, పుస్తకంలోని అనుమానం నవలైంది, నవల సీన్ అయింది, సీన్ నా షార్ట్ అయింది. ప్రతి స్టెప్‌లో కొంచెం మసాలా. చివరి స్టెప్ నేనే. ఇప్పుడు కూడా ఒక నాయకుణ్ణి దెబ్బకొట్టాలంటే ముందు ఇంట్లో ఆడవాళ్ల మీద పుకారు పుట్టిస్తారు. ఫోన్‌లో ఫార్వర్డ్ చేసేది మనమే.

పెద్దల సీన్లు చూడొద్దని నేను చెప్పను. సీరియల్ బాగుంటుంది, 18 దాటితే చూడండి. కానీ ఆ 18 ప్లస్ అనే ముద్ర ఎవరు చూడొచ్చో చెప్తుంది, ఏది నిజమో చెప్పదు. అది మనమే అడగాలి.

ఆ షార్ట్ తీసేశాను. అడిగిన చెల్లికి థాంక్స్. నేను ఇంకెక్కడైనా ఇలా దొరికితే మీరూ అదే అడగండి: "అన్నా, ఏ పుస్తకంలో ఉంది?" ఉంటా మరి.