కనిష్ఠ వ్యయపు లెక్క



గడచిన చలికాలమున ఒక దినము నేను పటాన్‌చెరు దాపుననున్న ఇంద్రేశము గ్రామమునకు పోయి, అచ్చటి పెద్దలు కొందరితో రోడ్డు ప్రక్కన కూర్చుండి మాటలాడుచుంటిని. ఇటుకల లారీ యొకటి తూర్పునకు పోయెను. కొంతసేపటికి మరియొక ఇటుకల లారీ పడమటికి పోయెను. అది చూచి వారిలో ఒక వృద్ధుడు నవ్వి, ఒకే సరకు ఇటునుండి అటును, అటునుండి ఇటును మోయనేల, ఎక్కడి ఇటుక అక్కడనే దింపుకొన్నచో ఇద్దరికిని చమురు మిగులదా యని నన్ను ప్రశ్నించెను.

ఆయన ఆ మాట వేడుకకే అని యుండవచ్చును. కాని ఆ ప్రశ్నకు సమాధానము కనుగొనుటకు గత శతాబ్దమున గొప్ప గణితవేత్తలు కొందరు తమ ఆయువు వెచ్చించిరి. ఆ కథలో మన హైదరాబాదునకును చోటు కలదు. ఆ చరిత్రనే నేడు మీకు విన్నవింపదలచితిని.

ముందుగా ఆ వృద్ధుని లెక్క సరియైనదా కాదా చూతము. ఒకే బాట మీద వరుసగా నాలుగు చోట్లు కలవనుకొందము. మొదట పాత గిడ్డంగి. అచ్చటికి ఐదు క్రోసులలో మొదటి ఊరు. ఆ ఊరికి నాలుగు క్రోసులలో కొత్త గిడ్డంగి. దానికి ఐదు క్రోసులలో రెండవ ఊరు. ఒక్కొక్క గిడ్డంగిలో పది లారీల సరకు కలదు; ఒక్కొక్క ఊరికి పది లారీల సరకు కావలెను. లెక్క వ్రాయు గుమాస్తా ఏమి చేయును? అన్నిటికంటె దగ్గరి దారి ఏదియని చూచి, కొత్త గిడ్డంగి నుండి మొదటి ఊరికి నాలుగు క్రోసులే గదా యని ఆ సరకంతయు అటు పంపును. ఇక పాత గిడ్డంగి సరకు రెండవ ఊరికి పదునాలుగు క్రోసులు పోవలసి వచ్చును. పది లారీలకును మొత్తము నలువదియు నూట నలువదియు కలిసి 180 క్రోసులు. అట్లుగాక పాత గిడ్డంగి సరకు మొదటి ఊరికి, కొత్త గిడ్డంగి సరకు రెండవ ఊరికి పంపినచో ఏబదియు నేబదియు నూరు క్రోసులతో సరిపోవును. మొదటి పద్ధతిలో లారీలు దారిలో ఎదురెదురుగా తారసిల్లును. రెండవ దానిలో తారసిల్లవు. వృద్ధుడు కంటితో కనిపెట్టినది ఇదియే. గుమాస్తా తప్పుకూడిక ఏదియు చేయలేదు. ముందున్న చవుకను చూచి వెనుక రానున్న ఖరీదును చూడకపోయెను, అంతియే.

నాలుగు చోట్లు గనుక ఇది కంటికి ఆనినది. పదిమంది పనివాండ్రకు పది పనులు ఒక్కొక్కరికి ఒక్కొక్కటి చొప్పున పంచవలెనన్న 36,28,800 విధములు కలవు. దినమునకు వేయి విధముల చొప్పున పరీక్షించినను దాదాపు పదియేండ్లు పట్టును. కర్మాగారములో పనులు పది కావు, వందలు. కావున అన్నిటిని పరీక్షింపకయే మేలైన దానిని పట్టు ఉపాయము కావలసి వచ్చెను.

ఆ ఉపాయము మొదట రష్యాలో పుట్టెను. 1938లో లెనిన్‌గ్రాడు నగరమున పలుచని చెక్కపలకలు చేయు పరిశ్రమవారు కాంటొరోవిచ్ అను యువగణితవేత్తను ఆశ్రయించిరి. ఏ జాతి దుంగను ఏ యంత్రమునకు ఎంతెంత ఇచ్చినచో ఉత్పత్తి అధికమగును అనునది వారి ప్రశ్న. ఆయన మరుసటి యేట, 1939లో, చిన్న పొత్తమొకటి అచ్చొత్తించెను. అదే కాలమున అమెరికాలో హిచ్‌కాక్ అను ఆయన 1941లో గిడ్డంగులు, ఊళ్ల లెక్కనే గణితరూపమున ప్రకటించెను. యుద్ధదినములలో కూప్‌మన్స్ అను పండితుడు ఓడలు సరకు దింపి వట్టివిగా తిరిగివచ్చు దూరమును తగ్గించుటెట్లని పరిశోధించెను. కాంటొరోవిచ్, కూప్‌మన్స్ ఇరువురును 1975లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమానమును పంచుకొనిరి.

ఇంగ్లండులో ఈ విద్య యుద్ధము వలననే బలపడెను. బ్లాకెట్ అను భౌతికశాస్త్రజ్ఞుని పరివారము సరకు ఓడల గుంపులను పరిశీలించి, చిన్నగుంపుల కంటె పెద్దగుంపులే క్షేమమని లెక్కలతో చూపెను. యుద్ధానంతరమున ఆ బ్లాకెట్ నెహ్రూగారి కోరికపై మన దేశమునకు వచ్చి రక్షణశాస్త్ర విషయమున సలహా చెప్పెను. ఈ విద్యకు ఆపరేషన్స్ రీసర్చి అని పేరు. కార్యపరిశోధన అని మనము చెప్పుకొనవచ్చును. భారతదేశమున దీనికి మొట్టమొదటి శాఖ 1949లో హైదరాబాదు పరిశోధనశాలలో ఏర్పడెనని ఈ శాస్త్రగ్రంథములు చెప్పును. ఆ పరిశోధనశాల 1944లో నిజాము ప్రభుత్వము స్థాపించినది. అదియే పిమ్మట రీజనల్ రీసర్చ్ లాబొరేటరీ అయి, 1989లో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ అను పేరు దాల్చెను. పోలీసు చర్య ముగిసి ఏడాది తిరుగకమునుపో తిరిగిన వెంటనేయో, రాజ్యము ఇంకను కుదుటపడని దినములలో, ఇట్టి శాఖ యొకటి ఇచ్చట వెలసినదని చదివినపుడు నాకు ఆశ్చర్యము కలిగినది. 1953లో మహలనోబిస్‌గారు కలకత్తాలోని గణాంక సంస్థలో దేశప్రణాళికలకై ఇట్టి శాఖను నెలకొల్పిరి. మన తెలుగువాడు కట్టా గోపాలకృష్ణమూర్తిగారు ఆ సంస్థలో పనిచేసి, అమెరికా వెళ్లి, ఈ గణితమున ప్రామాణిక గ్రంథములు రచించిరి. హాంకాంగు రేవులో లారీలను, ఎత్తుయంత్రములను క్రమముగా నడిపించు లెక్కలలో ఆయన చేయి కలదు.

ఇక అసలు సంగతికి వత్తును. 1947లో అమెరికా దేశస్థుడు డాంట్‌జిగ్ కనిపెట్టిన సింప్లెక్స్ పద్ధతి వలన ఈ లెక్కలు నిత్యవ్యవహారమునకు అందుబాటులోనికి వచ్చెను. దానిని మొదట దేనిమీద పరీక్షించిరో వినుడు. ఒక మనిషి ఆరోగ్యముగా నుండుటకు ఏడాదికి అతితక్కువ సొమ్ముతో ఏ ఆహారము తినవలెను అనునది ప్రశ్న. స్టిగ్లరు అను అర్థశాస్త్రజ్ఞుడు 1945లో 77 ఆహార పదార్థములను ముందిడుకొని, ఊహతోను ఓపికతోను 39 డాలర్ల 93 సెంట్లకు ఒక జాబితా తేల్చెను. అందు గోధుమపిండి, పాలు, క్యాబేజి, పాలకూర, ఎండుచిక్కుడు గింజలే కలవు. కొత్త పద్ధతితో తొమ్మండుగురు గుమాస్తాలు చేతియంత్రములతో కూర్చుండి, ఒక మనిషి పనికి సుమారు 120 దినములకు సరియగు శ్రమ చేసి తేల్చిన మొత్తము 39 డాలర్ల 69 సెంట్లు. స్టిగ్లరు ఊహ తప్పినది 24 సెంట్లు మాత్రమే!

పిమ్మట కొన్నియేండ్లకు డాంట్‌జిగ్ తన శరీరము తగ్గించుకొనదలచి, ఏమి తినవలెనో కంప్యూటరునే అడిగెను. కడుపు నిండినట్లుండవలెను; అందుకై ఆహారపు బరువులోనుండి నీటి బరువును తీసివేసి, మిగిలినది ఎంత ఎక్కువయైన అంత మేలని లెక్క కట్టెను. వచ్చిన జవాబు, 500 గ్యాలన్ల సిర్కా! పట్టికలో సిర్కాకు నీటి బరువు సున్నయని వ్రాసియుండుటచే యంత్రము దానిని ఘనాహారముగా భావించినది. సిర్కాను తొలగించి మరల అడుగగా, దినమునకు 200 ఎండు చారుబిళ్లలు తినుమన్నది. వానిలో ఉప్పెంతయో చెప్పనక్కరలేదు. వానికి మితి విధించిన పిదప, రెండు పౌనుల గోధుమ తవుడు తినుమన్నది. యంత్రము ఏ ఒక్కమారును అబద్ధమాడలేదు. ఇంతకు మించి తినరాదని ఎవరును వ్రాయలేదు గనుక దానికి తెలియలేదు.

కాంటొరోవిచ్ కథయు ఇట్టిదే. లెనిన్‌గ్రాడులోని రైలుపెట్టెల కర్మాగారమున ఇనుపరేకులను వృథాకాకుండ కోయు క్రమమును ఆయన చూపగా, తుక్కు బాగుగా తగ్గెనట. అయితే ఆ కర్మాగారము ఏటేట ఇంత తుక్కు ఇనుము ఉక్కుపరిశ్రమకు అప్పగింపవలెనని పైవారి ఆజ్ఞ. తుక్కు లేకపోవుటచే ఆజ్ఞ నెరవేరక, గణితవేత్తపై ఆక్షేపణ వచ్చెనని చెప్పుదురు. ఆయన లెక్కలో మరియొక సంగతి కలదు. కొరతగానున్న ప్రతి వస్తువునకును ఆ లెక్కలోనుండియే ఒక విలువ తేలును: ఆ వస్తువు ఇంకొక వీసమెత్తు దొరికినచో మొత్తమున ఎంత లాభమో ఆ విలువ చెప్పును. దీనిని నీడధర యందురు. హద్దు వ్రాసిన వస్తువునకే నీడధర తేలును. హద్దు లేని వస్తువు ధర సున్న.

ఆ సున్నను తలచినప్పుడు నాకు నక్కవాగు జ్ఞప్తికి వచ్చును. 1970 దశకము మొదలుకొని పటాన్‌చెరు ప్రాంతమున కర్మాగారములు విరివిగా వెలసినవి. నగరము చేరువ, బొంబాయి బాట చెంతనే, భూమి చవుక, వెనుకబడిన ప్రాంతమని ప్రభుత్వపు రాయితీలు. ఎవరు లెక్కవేసినను ఇచ్చటికే రమ్మని చెప్పియుండును. ఆ లెక్క తప్పనను. ఉపాధి దొరకిన కుటుంబములు వేలు. కాని వాగులోనికి ఇన్ని కడవలకు మించి మురికి వదలరాదను పంక్తి ఆ చిట్టాలలో లేదు. కావున వాగునీటి ధర సున్నగా పడినది. మంజీరలో కలియు ఆ నక్కవాగు వెంట నీరు చెడెను; బావులు చెడెను; పొలములు బీడువారెను. 1990లో ఈ వ్యవహారము సుప్రీంకోర్టుకు పోయెను. పంట నష్టపోయిన రైతులకు పరిహారమిప్పింప న్యాయస్థానము ఉత్తరువు చేసెను. 1994లో కర్మాగారములన్నిటికి ఉమ్మడిగా మురికినీటి శుద్ధికేంద్రము పటాన్‌చెరులో వచ్చెను.

ఆ పంక్తి మొదటనే వ్రాసియున్నచో గణితము దానిని కాదనియుండదు. సరకుల లెక్కతోపాటు వాగు లెక్కయు చేసి, ఒక కడవ మురికిని వాగులో వదలుటకును శుద్ధిచేయుటకును గల తారతమ్యమును నీడధరగా ముందే చూపియుండును. కొందరు పండితులు ఈ శాస్త్రమును హృదయము లేనిదని నిందింతురు. నేను ఒప్పుకొనను. జమాఖర్చు పుస్తకమునకు హృదయమెక్కడ? పద్దు వ్రాయు చేయి ఎవరిదో, ఆ చేతిప్రక్క ఎవరు కూర్చుండిరో, అదియే నేను అడుగుదును. ఇంద్రేశపు వృద్ధునివంటివారు నాడు ఆ గదిలో లేరు.

పిమ్మట శుద్ధికేంద్రము నుండి నగరపు వైపునకు సుమారు 18 కిలోమీటర్ల గొట్టపు బాట వేసి, నీటిని అంబరుపేట వరకు పంపు ఏర్పాటు జరిగెను. ఆ గొట్టముల ఖర్చును, పరిహారపు సొమ్మును, న్యాయస్థానపు తేదీలను ఆలస్యముగా పద్దులోనికి ఎక్కినవి.